చెరకు చెత్త, నేలలోని సూక్ష్మజీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చెరకు నరుకుడు డిసెంబరు ప్రాంతంలో మొదలై మార్చి దాకా సాగుతుంది. గడ ఫ్యాక్టరీకో బెల్లం పొయ్యి దగ్గరకో వెళ్ళిపోయాక, మడిలో మోకాలి ఎత్తున ఎండాకు మిగులుతుంది. దానికి నిప్పు పెట్టి, మోళ్ళు చెక్కి, కార్శికి (ఆ మోళ్ళ నుంచే మళ్ళీ లేచే పంటకు) నీరు పెట్టడం చాలా ఊళ్ళలో అలవాటుగా మారింది. ఆ ఎండాకును మడిలోనే ఉంచితే నేలలోని సూక్ష్మజీవులకు ఏమవుతుంది, తగలబెడితే ఏమవుతుంది, ఉంచాలంటే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అని రైతులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

చెరకు చెత్త అంటే ఏది? ఎకరాకు ఎంత వస్తుంది?

నరికేటప్పుడు ఒలిచి పారేసిన ఎండుటాకులు, జడచుట్లకు (గడలు పడిపోకుండా కలిపి చుట్టి కట్టడానికి) వాడిన ఆకులు, పశువులకు వేయగా మిగిలిన పచ్చి మొవ్వులు (గడ కొన ఆకులు) కలిపితే చెరకు చెత్త అవుతుంది. తోట కాపును బట్టి ఎకరాకు రమారమి 3 నుంచి 4 టన్నుల ఎండు చెత్త వస్తుంది. ఒక టన్ను ఎండు చెత్తలో 400 కిలోలకు పైగా కర్బనం, 4 నుంచి 5 కిలోల నత్రజని, ఒకటి ఒకటిన్నర కిలోల భాస్వరం, 5 నుంచి 8 కిలోల పొటాష్ ఉంటాయి. ఎరువుగా చూస్తే ఈ అంకెలు చిన్నవే. అయితే చెత్త అసలు విలువ దాని కర్బనంలో ఉంది, ఎందుకంటే నేలలోని జీవులకు ఆహారం అదే.

తగలబెడితే ఏమి పోతుంది, ఏమి మిగులుతుంది?

కర్బనం దాదాపుగా అంతా పొగలో పోతుంది. నత్రజనిలో అధిక భాగం, గంధకంలో కొంత భాగం కూడా గాలిలో కలిసిపోతాయి. ఎకరాకు 3 టన్నుల చెత్త ఉందనుకుంటే 13 కిలోల నత్రజని, అంటే సగం బస్తాకు మించిన యూరియాలో ఉండేంత నత్రజని, కొద్ది నిమిషాల్లో ఆవిరైనట్టే. పొటాష్, సున్నం, మెగ్నీషియం, భాస్వరం బూడిదలో మిగులుతాయి. ఆ బూడిదను చూసి నేలకు బలం వచ్చిందని కొందరు రైతులు భావిస్తారు. కార్శి తొలి రోజుల్లో పచ్చగా లేవడానికి బూడిద కొంత కారణమే కాబట్టి, వారి పరిశీలనను తప్పు పట్టలేము. అయితే మన గరువుల్లో (మెట్ట నేలల్లో) ఆ బూడిదను మార్చి, ఏప్రిల్ గాలులు కొంత ఎత్తుకుపోతాయి, తొలకరి వానలు మిగిలినదానిలో కొంత కడిగేస్తాయి. పొటాష్ విషయంలో ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఆకులో పొటాష్ కర్బనంతో ముడిపడి ఉండదు కనుక, చెత్తను మడిలోనే ఉంచినా రెండు మూడు మంచి వానలకే అది ఆకు నుంచి కరిగి నేలలోకి దిగుతుంది. పొటాష్ అందాలంటే కాల్చి తీరాలన్న అవసరం లేదు.

మంట వేడికి నేలలోని సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయా?

అన్నీ చచ్చిపోవు. ఈ విషయాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం అవసరం, ఎందుకంటే మంటతో నేల మొత్తం నిర్జీవమవుతుందని చెబితే, ఏళ్ళ తరబడి కాలుస్తూ పంట తీస్తున్న రైతు ఆ మాటను నమ్మడు, నమ్మవలసిన పని కూడా లేదు.

ఎండిన ఆకు భగ్గున మండి త్వరగా ఆరిపోతుంది. నేల మంచి ఉష్ణవాహకం కాదు కాబట్టి ఆ వేడి పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి లోతుకు పెద్దగా దిగదు. ఆ పై పొరలో మాత్రం నష్టం ఉంటుంది. శిలీంధ్రాలు బ్యాక్టీరియా కంటే వేడికి తొందరగా చస్తాయి. తడి నేలలో ఉన్న జీవులు పొడి నేలలో ఉన్నవాటికంటే తక్కువ వేడికే చస్తాయి. ఆకు కింద తలదాచుకున్న సాలీళ్ళు, చీమలు, చిన్న పురుగులు, వాటి గుడ్లు కాలిపోతాయి. అయినా తర్వాత నీరు పెట్టగానే అడుగు పొరల్లో బతికి ఉన్న బ్యాక్టీరియా కొద్ది రోజుల్లోనే మళ్ళీ పెరుగుతుంది.

మంట కంటే ఎక్కువ నష్టం ఆ తర్వాతి నెలల్లో జరుగుతుంది. ఆకు పోయిన నేలకు కప్పు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వేళ బోసిగా ఉన్న ఎర్ర నేల పైభాగం 50 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కవచ్చు. తేమ ఎగిరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఏడాది సూక్ష్మజీవులకు రావలసిన ఆహారం రాకుండా పోతుంది. ఒక ఎకరంలో పైనున్న 15 సెంటీమీటర్ల మట్టి రమారమి 900 టన్నులు తూగుతుంది. సేంద్రియ కర్బనం 0.4 శాతం ఉన్న తేలిక నేలలో అది దాదాపు 3,600 కిలోల కర్బనం. అందులో ప్రాణమున్న సూక్ష్మజీవుల శరీరాల్లో ఉండేది సాధారణంగా 1 నుంచి 5 శాతం మాత్రమే. 2 శాతం అనుకుంటే 70 కిలోలు. ఈ 70 కిలోల జీవరాశికి 3 టన్నుల చెత్త 1,200 కిలోలకు పైగా కర్బనాన్ని అందిస్తుంది. దాన్ని కాల్చేస్తే అవి వేర్ల మీద, అప్పటికే నేలలో ఉన్న పాత సేంద్రియ పదార్థం మీద బతకాలి. ఏటా ఇలాగే జరిగితే నేల తన నిల్వను తానే తినేస్తుంది. అందుకే సూక్ష్మజీవులను మంట కంటే ఆకలి ఎక్కువగా చంపుతుందని మేము చెబుతాము.

చెత్తను ఏ జీవులు కుళ్ళబెడతాయి? ఎలా?

ఆగస్టు నెలలో, నాలుగైదు వానలు పడ్డాక, కార్శి తోటలో సాళ్ళ మధ్య పరచిన చెత్తను ఒకచోట చేత్తో ఎత్తి చూడండి. పైపొర ఆకు ఇంకా గడ్డిలా పెళుసుగా, లేత గోధుమ రంగులోనే ఉంటుంది. దాని కింది ఆకు ముదురు రంగుకు తిరిగి, తడిగా, మెత్తగా ఉంటుంది, రెండు వేళ్ళ మధ్య నలిపితే నారగా విడిపోతుంది. మట్టిని తాకుతున్న అడుగు ఆకుల మధ్య తెల్లని బూజు దారాలు అల్లుకుని, మట్టి రేణువులను కూడా తమతో పట్టుకుని లేస్తాయి. వానపాములు పైకి తోసిన మట్టి ఉండలు అక్కడక్కడా కనిపిస్తాయి. చెరకు వేర్లు కూడా కొన్ని ఆ పొరలోకి పాకి ఉంటాయి. మట్టి వాసన బాగా వస్తుంది. ఆ వాసనకు కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా తయారుచేసేవి యాక్టినోమైసిటీస్ అనే సూక్ష్మజీవులు.

ఈ పని ఒకదాని తర్వాత ఒకటిగా సాగుతుంది. ఆకులో తేలిగ్గా కరిగే చక్కెరలను, మాంసకృత్తులను బ్యాక్టీరియా మొదట తినేస్తుంది. ఆ తర్వాత సెల్యులోజు, హెమిసెల్యులోజుల వంతు వస్తుంది. ట్రైకోడెర్మా, ఆస్పర్జిల్లస్, పెనిసిలియం వంటి శిలీంధ్రాలు, బాసిల్లస్ వంటి బ్యాక్టీరియా తమ ఎంజైములతో వాటిని తెగగొడతాయి. చివరికి మిగిలే లిగ్నిన్ చాలా మొండిది. దాన్ని విడగొట్టగలిగినవి పుట్టగొడుగుల జాతి శిలీంధ్రాలు, కొన్ని యాక్టినోమైసిటీస్ మాత్రమే, అవీ నెమ్మదిగానే పని చేస్తాయి. చెరకు ఆకులో సిలికా కూడా ఎక్కువగా ఉండడం వల్ల వరిగడ్డి లాగానే ఇది కుళ్ళడానికి సమయం తీసుకుంటుంది.

తగలబెట్టిన మడిలో శిలీంధ్రాల వాటా పడిపోతుంది. బూజు దారాలు మట్టి రేణువులను కలిపి పట్టి ఉంచుతాయి కనుక, అవి తగ్గిన నేల వాన దెబ్బకు పొడిగా విడిపోయి పైన అట్ట కడుతుంది. మన తేలికపాటి ఎర్ర నేలల్లో ఈ అట్ట కట్టే గుణం ముందే ఉంది, కాబట్టి ఇక్కడ శిలీంధ్రాలకు మరింత విలువ ఇవ్వాలి.

చెత్త వదిలిన మడిలో కార్శి పసుపుబారుతోంది. అది చెత్త వల్లనేనా?

చాలా సందర్భాల్లో అవును, చెత్త వల్లనే. రైతులు చెత్తను ఒక ఏడాది ఉంచి మరుసటి ఏడాది మళ్ళీ నిప్పు పెట్టడానికి ముఖ్య కారణం ఇదే కనుక, దీన్ని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

చెరకు ఎండాకులో 90 నుంచి 100 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని మాత్రమే ఉంటుంది. సూక్ష్మజీవుల శరీరంలో 8 పాళ్ళ కర్బనానికే ఒక పాలు నత్రజని కావాలి. అవి 100 కిలోల కర్బనం తింటే అందులో 60 కిలోలకు పైగా ఊపిరిగా వదిలేసి, 35 కిలోల దాకా శరీరంగా మార్చుకుంటాయి. ఆ 35 కిలోలకు 4 కిలోలకు పైగా నత్రజని కావాలి. 100 కిలోల కర్బనం ఉన్న ఆకులో దొరికేది ఒక కిలో పైచిలుకు మాత్రమే. మిగతా 3 కిలోలను అవి మట్టిలో నుంచి, అంటే పైరుకు అందవలసిన దానిలో నుంచి తీసుకుంటాయి. నత్రజని కోసం పైరుతో పోటీ పడితే గెలిచేవి సూక్ష్మజీవులే, ఎందుకంటే అవి మట్టి రేణువు రేణువునా ఉన్నాయి, పైరు వేరు కొన్ని చోట్లే ఉంది. అందుకే పిలకలు వేసే లేత వయసులో కార్శి పసుపుబారుతుంది.

ఇలా తీసుకున్న నత్రజని నేలను వదిలిపోదు. ఆ సూక్ష్మజీవులు చనిపోయినప్పుడు, వాటిని ఇతర జీవులు తిన్నప్పుడు అది తిరిగి విడుదలవుతుంది. కనుక మొదటి నెలల్లో పైరుకు అందకుండా పోయే నత్రజనిని మనం ముందుగా సర్దితే సరిపోతుంది. చెత్తను కుళ్ళబెట్టడానికి మహారాష్ట్ర చెరకు ప్రాంతాల్లో వాడుకలో ఉన్న లెక్క ప్రకారం టన్ను చెత్తకు 8 కిలోల యూరియా, 10 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు. 3 టన్నులకు 24 కిలోల యూరియా, అంటే సగం బస్తా అవుతుంది. ఇది పైరుకు వేసే మోతాదుకు అదనంగా ఇచ్చేది. కార్శికి సిఫారసు చేసిన నత్రజనిలో తొలి దఫాను ఆలస్యం చేయకుండా మోళ్ళు చెక్కిన వెంటనే వేయడం కూడా ఇందుకే అవసరం.

పచ్చి మొవ్వులు చెత్తలో ఎక్కువగా కలిసి ఉంటే ఈ కొరత కొంత తగ్గుతుంది, వాటిలో నత్రజని ఎండాకులో కంటే ఎక్కువ.

యూరియాను చెత్త మీద చల్లవచ్చా?

పైరు కోసం వేసే యూరియాను చెత్త మీద ఎప్పుడూ చల్లకండి. ఎండాకు మీద యూరియేజ్ అనే ఎంజైము ఎక్కువగా ఉంటుంది. అది తేమ తగలగానే యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది, కింద మట్టి అందుబాటులో లేనందున ఆ అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. మోళ్ళ పక్కన గునపంతోనో కర్రతోనో గుంట చేసి, యూరియా వేసి, మట్టి కప్పాలి. చెత్త కుళ్ళడానికి వేసే కొద్దిపాటి యూరియాను నీళ్ళలోనో పేడ నీళ్ళలోనో కలిపి ఆకు తడిసేలా పోసి, అదే రోజు నీటి తడి ఇస్తే నష్టం తక్కువగా ఉంటుంది.

కార్శి తోటలో చెత్తను ఎలా ఉంచాలి?

నరికిన వారం రోజుల లోపు మోళ్ళను నేల మట్టానికి పదునైన కత్తితో చెక్కాలి. ఎత్తుగా వదిలిన మోడు నుంచి పైకన్నులు మొలిచి పిలకలు బలహీనంగా వస్తాయి. మోళ్ళ మీద ఉన్న చెత్తను రెండు వైపులా సాళ్ళ మధ్యకు తప్పనిసరిగా లాగాలి. మోడు మీద దట్టంగా చెత్త పేరుకుంటే మొలక ఆలస్యమవుతుంది, కొన్ని దుబ్బులు అసలు లేవవు, మడిలో ఖాళీలు పడతాయి. చెత్త వల్ల కార్శి పాడైందని చెప్పే తోటల్లో చాలావాటిలో ఈ ఒక్క పని జరగలేదని గమనించాము.

నీటి కాలువలకు చెత్త అడ్డం పడుతుందని భయపడేవారు ఒక సాలు విడిచి ఒక సాలులో చెత్త పరచి, ఖాళీ సాలులో నీరు పారించవచ్చు. మరుసటి ఏడాది సాళ్ళను మార్చుకోవచ్చు. ఖాళీ సాళ్ళలో దంతె, గొర్రు నడపడానికి, ఎరువు వేయడానికి కూడా వీలుంటుంది.

ట్రాక్టరుతో నడిచే చెత్త ముక్కలు చేసే యంత్రం అద్దెకు దొరికితే వాడండి. ముక్కలైన ఆకు మట్టికి దగ్గరగా కూర్చుంటుంది, తేమ పట్టుకుంటుంది, బూజు త్వరగా అల్లుకుంటుంది. అయితే ముక్కలు చేసిన చెత్తను రోటవేటరుతో వెంటనే మట్టిలో కలిపేయడాన్ని మేము సిఫారసు చేయము. మట్టిలో కలిపిన చెత్త నత్రజనిని ఒక్కసారిగా లాగేస్తుంది. పైన ఉంచిన చెత్తలో మట్టిని తాకే అడుగు పొర మాత్రమే మొదట కుళ్ళుతుంది కాబట్టి, ఆ లాగుడు నెమ్మదిగా, పైరు తట్టుకోగలిగేంతగా ఉంటుంది. పైగా దున్నిన ప్రతిసారీ శిలీంధ్రాల దారాలు తెగిపోతాయి.

కొత్తగా నాటే మొక్క తోటలో చెత్త పనికొస్తుందా?

చక్కగా పనికొస్తుంది. ముచ్చెలు (విత్తనపు గడ ముక్కలు) నాటిన మూడో రోజున ఎకరాకు 1.25 టన్నుల చెరకు చెత్తను పలచగా పరచమని వ్యవసాయ శాఖ, విశ్వవిద్యాలయం చాలాకాలంగా చెబుతున్నాయి. వేసవిలో లేత మొక్కను తినే పీక పురుగు దీనివల్ల తగ్గుతుంది, బెట్టను కూడా పైరు తట్టుకుంటుంది. 1913 నుంచి చెరకు మీద పని చేస్తున్న అనకాపల్లి పరిశోధన స్థానం మన రెండు జిల్లాల రైతులకూ దగ్గర్లోనే ఉంది. రకం, నేల, నీటి వసతిని బట్టి సలహా కావలసినవారు అక్కడి శాస్త్రవేత్తలను అడగవచ్చు.

మాది నీటి వసతి తక్కువ ఉన్న గరువు. ఎండాకాలమంతా చెత్త ఎండిపోయే ఉంటుంది. ఇక ఉంచి ఏమి ప్రయోజనం?

తేమ లేనిదే కుళ్ళదన్న మాట నిజమే. ఫిబ్రవరిలో పరచిన చెత్త మే నెల దాకా పెద్దగా మారదు. అయినా ఆ నాలుగు నెలలూ అది చేసే పని ఒకటి ఉంది. నేలకు నీడ ఇస్తుంది, తడి ఇచ్చిన నీటిని ఆవిరి కాకుండా కొన్ని రోజులు ఎక్కువ నిలుపుతుంది. చెత్త కింద నేల చల్లగా, కొద్దిపాటి తేమతో ఉండడం వల్ల సూక్ష్మజీవులు బతికి ఉంటాయి. జూన్‌లో నైరుతి వానలు మొదలవగానే ఆ బతికి ఉన్నవే పని అందుకుంటాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా తేమ, వెచ్చదనం రెండూ ఉన్న మన వాతావరణంలో చెత్తలో అధిక భాగం ఆ ఒక్క కాలంలోనే కుళ్ళిపోతుంది.

నీళ్ళు నిలిచే పల్లం భూముల సంగతి వేరు. నాగావళి, వంశధార, చంపావతి ఒడ్డు పొలాల్లో వరద నీరు రోజుల తరబడి నిలిస్తే, చెత్త కింద గాలి ఆడదు. అప్పుడు గాలి అవసరం లేని బ్యాక్టీరియా విజృంభించి, నేలలోని నైట్రేటు రూప నత్రజనిని వాయువులుగా మార్చి వదిలేస్తుంది. వాటిలో ఒకటైన నైట్రస్ ఆక్సైడ్ భూమిని వేడెక్కించే వాయువు. అలాంటి మడుల్లో చెత్తను పలచగా ఉంచి, మిగిలినదాన్ని గట్టు మీద గెత్తంగా (చివికిన ఎరువుగా) మార్చుకోవడం మేలు. మురుగు కాలువ తీయకుండా చెత్త మాత్రం దట్టంగా పరిస్తే ప్రయోజనం దక్కదు.

చెద పురుగులు, ఎలుకలు, ఇతర పురుగులు పెరగవా?

కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. ఎర్ర నేలల్లో నీరు తక్కువైనప్పుడు చెద పట్టడం మామూలే. చెదకు ఎండాకు కూడా ఆహారమే, అయితే తడి ఇవ్వగలిగిన చోట దాని తీవ్రత తగ్గుతుంది. దట్టమైన చెత్తలో లద్దె పురుగులు, ఎలుకలు తలదాచుకోవచ్చు. మొదటి రెండు నెలలు వారానికొకసారైనా చెత్త ఎత్తి చూస్తూ ఉండాలి. పాములుంటాయన్న భయం వల్ల కూడా కొందరు నిప్పు పెడతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసివేయలేము, చెత్త లాగే కూలీలకు కాళ్ళకు బూట్లు, చేతికి పొడవాటి కర్ర ఇవ్వడం రైతు బాధ్యత.

మరోవైపు మిత్ర పురుగులకు కూడా ఇదే చెత్త ఇల్లు. చెరకు ఆకు రసం పీల్చే పైరిల్లాను అదుపు చేసే ఎపిరికేనియా అనే పరాన్నజీవి గూళ్ళు చెరకు ఆకుల మీదే ఉంటాయి. చెత్త కాల్చితే అవీ కాలిపోతాయి, ఆ తర్వాత పైరిల్లా వచ్చినప్పుడు మందు కొట్టడం తప్ప దారి ఉండదు.

కుళ్ళబెట్టే కల్చర్లు, సీసాల్లో అమ్మే ద్రావణాలు కొనాలా?

తప్పనిసరి కాదు. నేలలోనూ ఆకు మీదా ఆ పని చేసే సూక్ష్మజీవులు ముందే ఉన్నాయి. వాటికి కావలసినవి తేమ, నత్రజని, మట్టితో స్పర్శ. ఈ మూడూ లేని చోట ఎంత ఖరీదైన కల్చరు చల్లినా పని జరగదు. పేడ నీళ్ళు, బాగా చివికిన గెత్తం చెత్త మీద చల్లితే కుళ్ళబెట్టే జీవులు అందులోనే పుష్కలంగా ఉంటాయి. ట్రైకోడెర్మా పొడి నమ్మకమైన చోట దొరికితే గెత్తంలో కలిపి వేయవచ్చు. ఏళ్ళ తరబడి కాల్చిన మడిలో మొదటి ఏడాది దానివల్ల కొంత ఊపు రావచ్చు.

ఇక్కడే మరొక సంగతి. చెరకు గడలోనే, వేర్లలోనే బతుకుతూ గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియాను 1988లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లోకానికి తెలియజేశారు. ఇప్పుడు దాన్ని గ్లూకోనాసిటోబాక్టర్ డయజోట్రోఫికస్ అని పిలుస్తున్నారు. ఆ పరిశోధన చేసినవారిలో యోహానా డోబెరైనర్ పేరు చెరకు శాస్త్రంలో గౌరవంతో తలచుకునేది. నత్రజని ఎరువును అతిగా వేస్తే ఇలాంటి జీవులు తమ పని తగ్గించుకుంటాయి. జీవన ఎరువులు వాడేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

చెత్తను పశువులకు, పొయ్యికి, కొట్టం కప్పుకు తీసుకుపోతే నష్టమా?

పచ్చి మొవ్వులు పశువులకు వేయడంలో తప్పులేదు, ఆ పేడ గెత్తంగా తిరిగి మడికి చేరితే లెక్క సరిపోతుంది. బెల్లం పొయ్యికి పిప్పి ఉండగా ఎండాకు కూడా మోయడం మాత్రం నేలకు నష్టమే.

ఎంత తీయవచ్చన్న ప్రశ్న బ్రెజిల్‌లో బాగా చర్చకు వచ్చింది. అక్కడి సావో పాలో రాష్ట్రం 2002లో చట్టం చేసి, చెరకు తోటలను కాల్చి నరికే పద్ధతిని దశలవారీగా ఆపడం మొదలుపెట్టింది. యంత్రాలతో పచ్చిగా నరికిన మడుల్లో హెక్టారుకు 10 నుంచి 20 టన్నుల చెత్త మిగలసాగింది. దానిలో కొంత విద్యుత్తు, ఇథనాల్ తయారీకి తీసుకుపోవచ్చా అని చూసిన అక్కడి పరిశోధకులు, నేల రక్షణకు హెక్టారుకు 7 టన్నులైనా ఉంచాలన్న అభిప్రాయానికి వచ్చారు. అంటే ఎకరాకు దాదాపు 3 టన్నులు. మన తోటల్లో మొత్తం వచ్చేదే 3, 4 టన్నులు. కనుక మన దగ్గర తీసుకుపోవడానికి మిగులు పెద్దగా లేదన్నది మా అభిప్రాయం.

ఫలితం ఎన్నేళ్ళకు కనిపిస్తుంది?

సూక్ష్మజీవుల సంఖ్య, వాటి శ్వాసక్రియ, ఎంజైముల చురుకుదనం ఒకటి రెండు ఏళ్ళలోనే మారుతాయి. మట్టి పరీక్ష కాగితం మీద సేంద్రియ కర్బనం అంకె కదలడానికి ఐదేళ్ళో ఇంకా ఎక్కువో పడుతుంది, ఎందుకంటే తిన్న కర్బనంలో అధిక భాగం ఊపిరిగా పోయి, కొద్ది భాగమే నేలలో నిలుస్తుంది. దక్షిణాఫ్రికాలోని మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో 1939లో మొదలైన ప్రయోగంలో కాల్చిన చెరకు మడులను, చెత్త ఉంచిన మడులను పక్కపక్కనే దశాబ్దాల పాటు గమనించారు. చెత్త ఉంచిన మడుల పై పొరలో సేంద్రియ కర్బనం, సూక్ష్మజీవుల రాశి రెండూ ఎక్కువగా ఉన్నట్టు అక్కడ తేలింది. మొదటి రెండు మూడేళ్ళు ఎరువు తగ్గించవద్దు. నేల నిల్వ పెరిగాక, పరీక్ష చేయించి చూసుకుని, అప్పుడు తగ్గించడం గురించి ఆలోచించవచ్చు.

ప్రయోగశాల లేకుండా నేల ప్రాణాన్ని ఎలా అంచనా వేయాలి?

తెల్లని నూలు గుడ్డను జానెడు ముక్కలుగా కత్తిరించి, చెత్త ఉంచిన మడిలోనూ కాల్చిన మడిలోనూ నాలుగైదు అంగుళాల లోతున పాతిపెట్టండి. చోటు గుర్తుకు పుల్ల గుచ్చండి. వానాకాలంలో రెండు నెలల తర్వాత తీసి చూడండి. నూలు అంటే సెల్యులోజే కనుక, ఏ మడిలో గుడ్డ ఎక్కువ చివికితే అక్కడ ఆకును కుళ్ళబెట్టే జీవులు ఎక్కువ పని చేస్తున్నట్టు. గుడ్డలో పాలిస్టరు కలిసి ఉండకూడదు. అలాగే మంచి వాన పడ్డ మరుసటి రోజు ఉదయం అడుగు చదరం, అడుగు లోతు గుంట తవ్వి వానపాములను లెక్కపెట్టవచ్చు. మట్టి పరీక్షకు ఇచ్చినప్పుడు సేంద్రియ కర్బనం అంకెను తప్పక అడగండి. 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ, 0.5 నుంచి 0.75 మధ్యమం, ఆపైన ఎక్కువ అని లెక్క.

కౌలు రైతు ఇదంతా ఎందుకు చేయాలి?

ఇది న్యాయమైన ప్రశ్న. చెత్త లాగడానికి కూలి ఖర్చు ఈ ఏడాది కౌలుదారుది, నేల బలం మాత్రం వచ్చే ఏళ్ళలో ఎవరు చేస్తే వారిది. తేమ నిలవడం, కలుపు తగ్గడం వంటి లాభాలు అదే ఏడాది అందుతాయి కనుక కౌలుదారుకు కూడా కొంత గిట్టుబాటు ఉంది. తుంగ మాత్రం చెత్తను చీల్చుకుని వస్తుంది, దాన్ని తీయక తప్పదు. అయినా మొక్క తోట, రెండు కార్శులు కలిపి మూడేళ్ళకు కౌలు మాట్లాడుకున్న చోటే ఈ పద్ధతి నిలబడుతుంది. భూమి యజమానులు చెత్త పరిచే కూలిలో సగమైనా భరించాలని మేము గట్టిగా కోరుతున్నాము.

తప్పనిసరిగా కాల్చవలసిన సందర్భం ఏదైనా ఉందా?

ఉంది. ఎర్రకుళ్ళు తెగులు సోకిన తోటలో చెత్తను, మోళ్ళను మడిలో ఉంచకూడదు. గడను నిలువుగా చీల్చితే లోపల ఎర్రగా, మధ్య మధ్య అడ్డంగా తెల్లని మచ్చలతో, పులిసిన వాసనతో ఉంటే అది ఎర్రకుళ్ళు. దాని శిలీంధ్రం గడ ముక్కల మీద, ఆకు మీద కొంతకాలం బతికి తర్వాతి పంటకు అంటుకుంటుంది. అటువంటి దుబ్బులను వేళ్ళతో సహా తవ్వి, ఆ చెత్తతో పాటు మడిలోనే ఒక మూల కుప్పగా వేసి కాల్చాలి. మొత్తం మడికి నిప్పు పెట్టనవసరం లేదు. ఆ తోటను కార్శికి వదలకూడదు, ఆ మడి నీటిని పక్క చెరకు మడిలోకి పారించకూడదు, వరి వంటి పంటతో మార్పిడి చేశాకే, తెగులు లేని విత్తనంతో మళ్ళీ చెరకు వేయాలి.